ఆదివారం తూకం

"అయిదున్నర," అన్నాడు కాటాల మేస్త్రి.

అని, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ముల్లు ఏమాత్రం మొహమాటపడలేదు. అయిదున్నర దగ్గరే నిలబడింది.

"సరిగ్గా చూడండి మామయ్యా," అంది కోడలు.

"నా పెళ్ళికి ముందునుంచీ చూస్తున్న పనేగా అమ్మా ఇది."

"పోయిన ఆదివారం ఆరు అన్నారు."

"ఆరే."

"అంటే వారంలో అరకిలో తగ్గిపోయిందా?"

మేస్త్రి కాటాని వేలితో తట్టి చూశాడు. ఆ ఇంటి ముందుగదే ఆయన దుకాణం. గోడల నిండా కాటాలు వేలాడుతూ ఉంటాయి. కొన్ని బాగైనవి, కొన్ని బాగుకి వచ్చినవి, కొన్ని ఇచ్చినవాళ్ళే మర్చిపోయినవి. వారమంతా ఆ గదిలోకి కూరగాయల కొట్టువాళ్ళూ, పాత ఇనుము కొనేవాళ్ళూ వస్తూ పోతూ ఉంటారు. ఆదివారం మాత్రం దుకాణం మూసి మనవరాలిని తూస్తారు. నాలుగు నెలల ఆ పిల్లకి శుభ్రమైన పేరొకటి ఉంది గాని, పుట్టిన రోజున తాతగారు చేతుల్లోకి తీసుకుని "కాటాలో వేసే పడికట్టు రాయిలా ఎంత నిండుగా ఉందో" అన్న పాపానికి అందరి నోటా పడికట్టు అయి కూర్చుంది.

ఆ పడికట్టే ఇప్పుడు అరకిలో తరిగిపోయింది.

తాను తరిగిన సంగతి ఆవిడగారికి పట్టినట్టు లేదు. దూలం నుంచి వేలాడుతున్న కాటా కింద, గుడ్డ ఊయలలో పడుకుని, తన పిడికిలిని నోట్లో పెట్టుకోబోయి గురి తప్పి కంట్లో పెట్టుకుంటోంది. ఊయల కింద రెండు పరుపులు పరిచి ఉన్నాయి. అవి పరిస్తేగాని పిల్లని ఎక్కించనివ్వనని కోడలు పొద్దున్నే ఒంటికాలి మీద లేచింది.

నిజానికి ఈ వేలాడే కాటా ఇవాళే కొత్తగా రంగంలోకి దిగింది. పసిపిల్లల ఆసుపత్రివాళ్ళు ఎవరో బాగుకి ఇచ్చారు. నిన్న సాయంత్రానికి బాగైంది. "పిల్లల్ని తూచడానికే పుట్టిన కాటా. రేపు మన పడికట్టుతోనే బోణీ" అని మేస్త్రి మురిసిపోయాడు. ఇన్నాళ్ళూ తూచింది మామూలు బల్ల కాటా మీద.

"కొత్త కాటా తేడాగా ఉందేమో నాన్నా," అన్నాడు కొడుకు, గుమ్మం దగ్గర నిలబడి.

ఎవరికీ వినిపించలేదు. ఇతను బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెప్పే మనిషి. అక్కడ ఇతని గొంతు వింటే జనం మూటలు నెత్తినపెట్టుకుని పరుగెత్తుతారు. ఇంట్లో మంచినీళ్ళడిగినా ఎవరూ తల తిప్పరు. వీధి మొత్తం అతన్ని మైకు అంటుంది. ఆ మాట వింటే ఇంట్లోవాళ్ళకి నవ్వొస్తుంది.

"కొత్త కాటా తేడాగా ఉందేమో మామయ్యా," అంది కోడలు. అదే మాట. ఆమెది వినిపించింది. ఆమె బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో వెనక సీటువాడి దాకా గొంతు పంపడం ఆమెకి అలవాటు.

"నేను బాగుచేసిన కాటా తేడానా?" మేస్త్రికి రోషం వచ్చింది. "చూపిస్తా ఉండు."

పిల్లని దించి తల్లి చేతికిచ్చారు. మేస్త్రి తూనికరాళ్ళు తెచ్చి ఒక్కొక్కటే కొక్కేనికి తగిలించాడు. కిలో రాయికి కిలో, రెండు కిలోల రాయికి రెండు, అయిదుకి అయిదు. ముల్లు వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు.

"ఇప్పుడేమంటావ్?"

"అయితే పాత కాటా తేడా అయ్యుంటుంది."

"అదీ చూపిస్తా."

బల్ల కాటా దించారు. దానికీ రాళ్ళ పరీక్ష జరిగింది. అదీ నెగ్గింది. మేస్త్రి మొహం ఒక క్షణం వెలిగి, వెంటనే ఆరిపోయింది. రెండు కాటాలూ నిజం చెబుతుంటే పిల్ల తగ్గినట్టే కదా. ఇలా గెలవడం ఎంత దరిద్రమో ఆయనకి అప్పుడే తెలిసింది.

"ఏమేవ్," అని కేకేశాడు భార్యని. "ఇలా రా. దీని మీద కూడా ఒకసారి తూద్దాం. నీ చోట్లో నిలబడు."

అత్తగారికి ఆదివారం తూకంలో ఒక చోటు ఉంది. పళ్ళేనికి కుడివైపు. పిల్ల దొర్లి పడకుండా చెయ్యి అడ్డం పెట్టి నిలబడటం ఆవిడ పని. ఆ నియమం పెట్టింది కోడలే. పిల్ల ఎత్తు మీద ఉన్నంతసేపూ ఒక పెద్దచెయ్యి పక్కన ఉండాలి, ఎవరేమన్నా సరే అని కచ్చితంగా చెప్పేసింది. కోడలు పెట్టిన నియమాలన్నిటిలోకీ అత్తగారు నోరెత్తకుండా ఒప్పుకున్నది అదొక్కటే.

ఇవాళ ఆవిడ గోడకి ఆనుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. ముల్లు అయిదున్నర చూపినప్పటినుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఇంతకంటే పెద్ద వింత ఇంకోటి ఉండదు. అయినా పిల్ల గొడవలో పడి ఎవరూ పట్టించుకోలేదు.

"నాకు చెయ్యి నొప్పిగా ఉంది," అంది. "అబ్బాయిని నిలబడమనండి."

మైకు వచ్చి అడ్డం నిలబడ్డాడు. పడికట్టు పళ్ళెంలో కాళ్ళు తన్నుకుంది. ముల్లు అటూ ఇటూ ఊగి, ఆగింది.

అయిదున్నర.

కోడలు పిల్లని తీసుకుని కిందనే కూర్చుండిపోయింది.

"గురువారం," అంది. "గురువారం నేను డిపోకి వెళ్ళాను."

"మధ్యాన్నానికల్లా వచ్చేశావుగా," అన్నాడు మైకు.

"పాలు పిండి పెట్టి వెళ్ళాను. అత్తయ్య చెంచాతో పట్టారు. ఎంత తాగిందో, ఎంత కక్కిందో. నాకు బుద్ధిలేదు. వచ్చే నెల మళ్ళీ డ్యూటీలో చేరతానని, ఏ రూటు ఇస్తారో అడగడానికి ఎగురుకుంటూ వెళ్ళాను. పిల్లకి నా పాలు చాలుతున్నాయని ఇన్నాళ్ళూ అందరి మీదా ఎగిరాను."

"ఎగిరితే ఏం, నువ్వు కండక్టరువి..." అని మైకు ఓదార్చబోయి, అది ఓదార్పు కాదని తెలిసి ఆగిపోయాడు.

కోడలు కళ్ళు తుడుచుకుంది. తర్వాత తలెత్తి, బీరువా మీదికి చూసింది. అక్కడ ఒక పాలపొడి డబ్బా ఉంది. మేస్త్రి నెల కిందట కొని తెచ్చాడు. సరుకు తగ్గుతుందనిపిస్తే ముందే తెచ్చి పెట్టుకోవాలని ఆయన లెక్క. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దని నర్సమ్మ చెప్పిందంటూ కోడలు దానిమీద చెయ్యి పడనివ్వలేదు. "డబ్బాపాలు తాగిన పిల్లలు పెరగట్లేదా, వాళ్ళకి కొమ్ములొచ్చాయా" అని అత్తగారు పోయిన వారమంతా సణుగుతూనే ఉంది. ఆ డబ్బా మీద ఆ ఇంట్లో జరిగినంత చర్చ చట్టసభల్లో కూడా జరగదు.

"ఆ డబ్బా తీసివ్వండి అత్తయ్యా," అంది కోడలు.

"వద్దు," అంది అత్తగారు.

ముగ్గురూ ఆవిడకేసి చూశారు.

"ఏమిటి వద్దు?"

"డబ్బా వద్దు. పిల్లకి ఇప్పుడేమొచ్చిందని డబ్బా?"

"అరకిలో తగ్గింది అత్తయ్యా!"

"తగ్గితే తగ్గింది. తల్లిపాలకి మించింది లేదు."

కోడలు తూర్పు అంటే అత్తగారు పడమర అనడం అక్కడ కొత్త కాదు. కోడలు అటు తిరిగితే ఇటు తిరగడం ఆవిడకి ఊపిరి తీసుకోవడంలాంటిది. కాని ఇంత పచ్చిగా, వారం తిరక్కుండా ప్లేటు మార్చెయ్యడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"పోయిన వారం మీరేగా డబ్బా పట్టమని నా ప్రాణం తీశారు?"

"పోయిన వారం సంగతి వేరు."

"ఏమిటి వేరు?"

అత్తగారు నీళ్ళు నమిలింది. "పోయిన వారం... ఎండ ఎక్కువగా ఉంది."

"ఎండకీ డబ్బాకీ ఏమిటమ్మా సంబంధం?" అన్నాడు మైకు. ఇది కూడా ఎవరికీ వినిపించలేదు.

మేస్త్రి ఈలోగా లోపలికి వెళ్ళి చిన్న త్రాసు పట్టుకొచ్చాడు. కంసాలివాళ్ళు వాడేది, గింజ ఎత్తు తేడా కూడా చూపేది. "పొడి కొలతగా పడాలి. వాళ్ళు డబ్బాలో పెట్టే చెంచాని నేను నమ్మను," అంటూ బల్ల మీద పెట్టాడు. కోడలు స్టూలు లాక్కుని బీరువా దగ్గరికి వెళ్ళింది. అంతకంటే ముందే అత్తగారు వెళ్ళి, ఆవిడ వయసుకి ఎవరూ ఊహించనంత చురుగ్గా స్టూలెక్కి, డబ్బా అందుకుని దిగి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ మూత మీద వేసింది.

"చెయ్యి నొప్పన్నావ్?" అన్నాడు మేస్త్రి.

"తగ్గింది."

"ఇటివ్వవే."

"ఇవ్వను."

"పిల్ల ఎండిపోతోందే!"

"ఏం ఎండిపోవట్లేదు. దాని గుడ్డలు ఉతికేదాన్ని నేను. రోజుకి ఎన్ని తడుపుతోందో నాకు తెలీదా? పాలు చాలని పిల్ల అన్ని గుడ్డలు తడుపుతుందా? బుగ్గలు చూడండి. ఆ తన్నడం చూడండి. తగ్గిన పిల్ల అలా తంతుందా?"

పడికట్టు సాక్ష్యం చెప్పడానికన్నట్టు తల్లి పొట్టలో ఒకటి తన్నింది.

"అయితే కాటా అబద్ధం చెబుతోందా?" అన్నాడు మేస్త్రి. ఈసారి గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది. "రెండు కాటాలూ అబద్ధమేనా? ఊళ్ళో ప్రతి కొట్టువాడూ నా ముందు చేతులు పైకెత్తి తూస్తాడే. వాడు పళ్ళెం అంచున వేలు ఆనించినా సరే, ముల్లు వణుకు చూసి పట్టేస్తాను. నా కళ్ళముందు తూకంలో మోసం చేసినవాడు ఇంతవరకూ పుట్టలేదు."

ఆ మాటకి అత్తగారు డబ్బా మూతకేసి చూస్తూ కూర్చుంది.

కోడలు స్టూలు పక్కకి జరిపింది. ఇక డబ్బా అడగలేదు. పిల్లని మైకు చేతికిచ్చి, ఫోను తీసింది.

"ఎవరికే?" అన్నాడు మైకు.

"డిపో మేనేజరుకి. చేరడంలేదని చెప్పేస్తాను. పిల్ల ఇలా అయిపోతుంటే టికెట్లు కొట్టుకుంటూ కూర్చోనా?"

"ఆలోచించి..."

"ఏం ఆలోచించాలి? ఒక్క పూట వదిలితేనే అరకిలో పోయింది. నెలంతా వదిలితే పిల్ల మిగులుతుందా?"

ఆ ఉద్యోగం కోసం ఆమె ఎంత తంటాలు పడిందో ఆ గదిలో అందరికీ తెలుసు. మొదటిరోజు ఖాకీ చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడి "జరగండి, జరగండి, లోపలికి జరగండి" అని సాధన చేస్తే, తలుపు చాటునుంచి చూసి నవ్వింది అత్తగారే. ఆ చొక్కాకి ఊడిన బొత్తాం కుట్టిందీ ఆవిడే. కుడుతున్నంతసేపూ తిట్టింది, అది వేరే సంగతి.

"హలో సార్. నేనేనండి. ఆదివారంపూట విసిగిస్తున్నాను, ఏమీ అనుకోకండి. వచ్చే నెల నా డ్యూటీ సంగతి..."

"పెట్టెయ్!" అని అరిచింది అత్తగారు.

కోడలు ఉలిక్కిపడింది.

"పెట్టెయ్ ఫోను! పిల్ల తగ్గలేదు."

"అత్తయ్యా, కాటా చెబుతోంది కదా."

"కాటా ఇవాళ నిజమే చెప్పింది. పోయిన వారం చెప్పింది అబద్ధం. దాని తప్పు కాదు. నేను చెప్పించాను."

అని, డబ్బా మూత మీదనుంచి కుడిచెయ్యి ఎత్తి, చూపుడువేలు నిటారుగా పెట్టి చూపించింది.

ఎవరికీ అర్థం కాలేదు. అందరికంటే ముందు అర్థమైంది మేస్త్రికి. ఆయన బల్ల కాటా పళ్ళెంకేసి చూసి, భార్య వేలికేసి చూసి, బల్ల పట్టుకుని కూర్చున్నాడు.

"నొక్కావా?"

"ఊఁ."

"నా కాటా మీదా?"

"ఊఁ."

"నా ఎదురుగానా?"

"మీరు ముల్లుకేసి చూస్తుంటారు. నా వేలికేసి చూడరుగా."

"హలో," అంది ఫోను, కోడలి చేతిలోంచి. "అమ్మా, వినిపిస్తోందా? ఎవరు నొక్కారు? ఏం నొక్కారు?"

కోడలు ఫోను ఆపేసింది.

మేస్త్రి బల్ల కాటాని ముందుకి లాక్కున్నాడు. తర్వాత లేచి, అయిదు కిలోల రాయి తెచ్చి బల్ల కాటా పళ్ళెంలో పెట్టాడు. "నొక్కు," అన్నాడు.

"ఇప్పుడెందుకండీ?"

"చూడాలి నేను. నొక్కు."

అత్తగారు లేచి, డబ్బా చంకలో పెట్టుకునే తన చోట్లో నిలబడింది. అరచెయ్యి పళ్ళెం పక్కన అడ్డం పెట్టినట్టే పెట్టి, చూపుడువేలు అంచు మీద ఆనించింది. ముల్లు నెమ్మదిగా, ఒద్దికగా అయిదు దాటి, అయిదున్నర చేరి, ఆగింది. వణుకు లేదు. తడబాటు లేదు.

మేస్త్రి వంగి, ఆ వేలినీ ముల్లునీ మార్చి మార్చి చూశాడు.

"ముల్లు వణకట్లేదే!" అన్నాడు, తనకి తెలియకుండానే. "పాత ఇనుము వాళ్ళు కూడా ఇంత సాఫీగా నొక్కలేరు. ఎక్కడ నేర్చుకున్నావే?"

"ఇన్నేళ్ళ కాపురం. మీరు రోజూ భోజనాల దగ్గర ఎవడెలా నొక్కాడో చెబుతుంటే విన్నాను."

మైకు నవ్వాడు. ఆపుకోలేక నవ్వాడు. అది చూసి కోడలికీ నవ్వొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి ముక్కు ఎగబీల్చుకుంది. అరకిలో పోలేదు. డిపోకి వెళ్ళినందుకు పోలేదు. ఆమె పాలు తక్కువై పోలేదు. పోయింది అత్తగారి వేలు. ఆమె గుండెల మీదనుంచి బండ దించినట్టయింది.

"ఎందుకు చేశారు అత్తయ్యా?" అని అడిగింది. కోపంతో అడగలేదు.

అత్తగారు కుర్చీలో కూర్చుని డబ్బా మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"టీకా వేయించుకొచ్చిన తర్వాతి ఆదివారం ముల్లు కదల్లేదు. అంతకుముందు వారం ఎక్కడుందో అక్కడే ఉంది. ఈయన ఇంకా కళ్ళజోడు తగిలించుకుంటున్నాడు. నువ్వు నా ఎదురుగా నిలబడి ముల్లుకేసి చూడకుండా నా మొహంకేసి చూస్తున్నావు. ముందురోజు రాత్రంతా నిద్రలేదు నీకు. అన్నం సగంలో లేచిపోయావు. ఈయన నోరు తెరిచి పెరగలేదు అన్నాడంటే నువ్వు ఏమైపోతావో అనిపించింది. వేలు అక్కడే ఉంది. ఆనించాను."

గదిలో నవ్వు ఆగిపోయింది.

"అంతే. ఒక్క వారమే అనుకున్నాను. పిల్ల పైవారం అందుకుంటుంది, అప్పుడు తీసేద్దాంలే అనుకున్నాను. తీస్తే తగ్గినట్టుంటుంది కదా! అందుకని పైవారం కాస్త గట్టిగా నొక్కాల్సొచ్చింది. ఆ పైవారం రెండు వేళ్ళు పెట్టాను. పోయిన ఆదివారం అరచెయ్యి మొత్తం వేశాను. ఆరు అన్నాడు ఈయన, ఇల్లంతా గంతులేశారు. నాకు మణికట్టు పట్టేసింది. చెయ్యి నొప్పి అన్నది అబద్ధం కాదు."

"మరి డబ్బా పట్టమని ఎందుకు సణిగారు?"

"నేనేం చెయ్యను? పెరగట్లేదని చెప్పలేను. డబ్బా అయినా పడితే పిల్ల నా వేలిని అందుకుంటుందని ఆశ."

కోడలికి ఆ ఆదివారం గుర్తొచ్చింది. ఆరోజు తాను అత్తగారి మొహంకేసి చూసిన మాట నిజం. ఏదో ఒకటి అంటుందని, ఎత్తిపొడుస్తుందని భయపడుతూ చూసింది. తను భయపడుతుంటే ఆవిడ వేలు ఆనిస్తోందని కలలో కూడా అనుకోలేదు.

"అందుకుందా?" అన్నాడు మైకు.

ఈసారి అందరికీ వినిపించింది. గది అంత నిశ్శబ్దంగా ఉంది.

"ఏమిట్రా?"

"పిల్ల నీ వేలిని అందుకుంటుందనుకున్నావు కదమ్మా. అందుకుందా? టీకానాటి నుంచీ అసలు ఎంత పెరిగినట్టు?"

అత్తగారు డబ్బా మీది అక్షరాలు చదువుతున్నట్టు తల వంచుకుంది. "పెరిగే ఉంటుందిలేరా. గుడ్డలు తడుపుతోందిగా."

మేస్త్రి ఏదో లెక్క వెయ్యబోయి ఆగిపోయాడు. వారం వారం ఆయన గొంతెత్తి చెప్పిన అంకెలన్నీ ఇప్పుడు దేనికీ పనికిరావు. కోడలు లేచి పిల్లని మైకు చేతుల్లోంచి తీసుకుంది. బుగ్గలు చూసింది, తొడలు నొక్కి చూసింది. నిమిషం కిందట బొద్దుగా కనిపించిన పిల్ల ఇప్పుడు ఎలా ఉందో ఆమెకి తెలియలేదు.

"నర్సమ్మ ఇంట్లో ఉంటుందా ఇప్పుడు?" అంది.

నర్సమ్మ వీధి చివర చిన్న ఆసుపత్రి మేడ మీదనే ఉంటుంది. ఆదివారమైనా తలుపు తీసింది. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, నలుగురు పెద్దవాళ్ళూ ఒక పిల్లా పాలపొడి డబ్బా కలిసి గుమ్మంలో నిలబడటం చూసి, ఏమీ అడక్కుండా కిందికి వచ్చి గది తెరిచింది. డబ్బాని అత్తగారు దారిలో ఎక్కడా వదల్లేదు. ఇంట్లో వదిలితే ఆయన త్రాసులో పోస్తాడని ఆవిడ భయం.

"బట్టలన్నీ తీసెయ్యమ్మా," అంది నర్సమ్మ కోడలితో. "బట్టలతో తూస్తే బట్టల బరువు కూడా పిల్ల ఖాతాలో పడుతుంది."

మేస్త్రి కాటా చుట్టూ తిరిగి వెనకనుంచి వంగి చూశాడు. "బల్ల మట్టంగా లేదు," అన్నాడు.

"మేస్త్రిగారూ, మీరు అక్కడ కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. పిల్లని పడుకోబెట్టి నర్సమ్మ "చేతులు తియ్యండి" అన్నదో లేదో, అత్తగారు డబ్బా బల్లమీద పెట్టి, పోలీసులు పట్టుకున్నట్టు రెండు చేతులూ తలకంటే పైకెత్తేసింది. నర్సమ్మ వింతగా చూసింది.

అయిదుంబావు.

"టీకా రోజున కూడా ఇలాగే బట్టలు తీసి తూచాను. అప్పుడూ ఇంచుమించు ఇంతే," అంది నర్సమ్మ. పిల్లని ఎత్తుకుని నోరు తెరిపించి లోపలికి చూసింది. చిటికెనవేలు కడుక్కొచ్చి నోట్లో పెట్టి, పిల్ల ఎలా చప్పరిస్తోందో చూసింది. "పాలు ఎలా తాగుతోందో నేను ఎదురుగా చూడాలి. డబ్బా సంగతి తర్వాత. ముందు నాకు ఒకటి తెలియాలి. మధ్యలో కాస్త పెరిగి, ఈమధ్యే తగ్గిందా, లేక మొదటినుంచే ఆగిపోయిందా? రెండిటికీ చాలా తేడా ఉంది. మేస్త్రిగారూ, మీరు ప్రతి ఆదివారం తూస్తారుగా. ఏ వారం ఎంతుందో చెప్పండి."

ఇంకో రోజైతే మేస్త్రి లేచి నిలబడి గుక్కతిప్పుకోకుండా చెప్పేవాడు. అన్నీ కంఠస్థమే. ఇవాళ ఆయన భార్యకేసి చూశాడు.

"అవి అడక్కమ్మా," అంది అత్తగారు, చేతులు దించకుండానే. "అవి పిల్ల బరువులు కావు. నావి."

చెప్పాల్సింది రెండు ముక్కల్లో చెప్పింది. నర్సమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అత్తగారికి.

"అయితే ఒకటి చెప్పండి," అంది నర్సమ్మ. "ఎంత నొక్కాలో తెలియాలంటే ముందు ముల్లు ఎక్కడుందో చూడాలి కదా. మీరు వేలు వెయ్యకముందు అసలు ముల్లు ఎక్కడుండేది? చూశారా?"

ఆ ప్రశ్న ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఈ నాలుగు వారాల్లో పిల్ల నిజం బరువు చూసిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆవిడ ఇందాక మైకు అడిగినప్పుడు తల వంచుకుంది.

"చూశాను," అంది.

కోడలు వచ్చి, పైకెత్తి ఉన్న ఆ చేతుల్లో కుడిచెయ్యి పట్టుకుని కిందికి దించింది. మణికట్టు వాచి ఉంది.

"ఎంతున్నా చెప్పండి అత్తయ్యా. నేనేమీ అయిపోను. చెప్పండి."

అత్తగారు కోడలి మొహంకేసి చూడలేదు. పిల్లకేసి చూసింది.

"కదల్లేదమ్మా," అంది. "ఒక్క వారం కాదు. నాలుగు ఆదివారాలూ ముల్లు అక్కడే ఉంది."